ఇనుముతో వాసన పట్టే బాక్టీరియా

(భీమవరం దగ్గర ఒక కాలేజీలో మైక్రోబయాలజీ విద్యార్థులు, చుట్టుపక్కల రొయ్యల రైతులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం అండి. ముందు రైతుల్ని ఒక మాట అడుగుతాను. తెల్లవారుజామున నాలుగింటికి గట్టు మీద నిలబడి డీవో మీటరు, అదే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ని కొలిచే మీటరు, వేస్తే లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములు వస్తోంది? మూడున్నర... మూడు... ఎవరో రెండున్నర అన్నారు. రెండున్నర వచ్చే చెరువులో రొయ్య మేత మానేస్తుందండి, ముందు ఆ చెరువు సంగతి చూడండి. సరే, మీ చేతిలో మీటరు ఉంది కాబట్టి మీకు తెలిసింది. అవే నీళ్లలో ఉన్న బాక్టీరియాకి ఎలా తెలుస్తుంది? దానికీ తెలియాలి కదా? ఆక్సిజన్ ఉన్నప్పుడు ఒక బతుకు, లేనప్పుడు ఇంకో బతుకు. సమయానికి మారకపోతే చస్తుంది. పోనీ దానికి ముక్కుందా, నాలుకుందా, నరాలున్నాయా? ఏమీ లేవు. మిల్లీమీటరుని ఐదు వందల ముక్కలు చేస్తే ఒక ముక్కంత ఉంటుంది దాని ఒళ్లు మొత్తం.

దానికి ఉన్నది ఇనుము. ఎక్కువేం కాదు, ఒక్కో ప్రొటీన్‌లో ఒకటో, నాలుగో ఇనుప పరమాణువులు. వాటితోనే వాసన పడుతుంది. ఈ పూట మనం చెప్పుకునేదంతా అదే. చెరువు నీళ్లు వేసిన ల్యాబ్ ప్లేటు మీద, రొయ్యకి జబ్బు తేగల విబ్రియో బాక్టీరియా ఎల్లో కాలనీలెన్ని, గ్రీన్ కాలనీలెన్ని అని లెక్కపెడుతున్నారు. మంచిదే, మానొద్దు. కానీ అది సగం పనేనండి. ఆ బాక్టీరియా చుట్టూ ఉన్న నీళ్లలోంచి ఏ కబురు అందుకుంటోంది, దాన్నిబట్టి ఏ పని మొదలుపెడుతోంది అన్నది మిగతా సగం. ఒకే బాక్టీరియా, ఒకే కౌంటు, కానీ కబురు మారితే పని మారిపోతుంది.

మీ మీటరు దగ్గరే మొదలుపెడదాం. కొత్తరకం ఆప్టికల్ ప్రోబులు వాడుతున్నారా? దాని చివర చిన్న టోపీ ఉంటుంది కదా, ఆ టోపీలో ఒక రంగు పూత ఉంటుంది. చాలా ప్రోబుల్లో ఆ రంగు ప్లాటినం పార్ఫిరిన్. పార్ఫిరిన్ అంటే చక్రంలాంటి అణువు, నడిమధ్యలో ఒక లోహ పరమాణువు. ఆక్సిజన్ వచ్చి తగిలితే ఆ రంగు వెలుగు తగ్గుతుంది, మీటరు ఆ తగ్గుదలని లెక్కకట్టి అంకె చూపిస్తుంది. మరి బాక్టీరియా దగ్గర ఏముంది? అదీ పార్ఫిరిన్ చక్రమే! ప్లాటినానికి బదులు ఇనుము, అంతే తేడా. దాన్నే హీమ్ అంటాం. మన రక్తాన్ని ఎర్రగా ఉంచేది కూడా అదే హీమ్.

ఇక్కడ కాస్త నిదానంగా వినండి, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. ఇనుముకి ఆరు చేతులున్నాయనుకోండి. నాలుగు చేతుల్ని చక్రంలోని నాలుగు నైట్రోజన్లు పట్టుకుంటాయి. అయిదో చేతిని కింద నుంచి ప్రొటీన్ పట్టుకుంటుంది, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లంతో. ఆరో చెయ్యి పైకి, ఖాళీగా ఉంటుంది. వాయువు వచ్చి పట్టుకునేది ఆ చేతినే. చెయ్యి ఖాళీగా ఉన్నంతసేపూ ఇనుము చక్రం మట్టానికి కాస్త కిందకి దిగి ఉంటుంది. ఆక్సిజన్ పట్టుకోగానే చక్రం మట్టంలోకి వచ్చేస్తుంది. ఎంత దూరం కదిలింది? సుమారు 0.4 ఆంగ్‌స్ట్రామ్. అంటే సెంటీమీటరులో 25 కోట్లో వంతు. ఇంతోటి కదలికతో ఏమవుతుంది అంటారా? ఇనుము కదిలితే కింద హిస్టిడిన్ కదులుతుంది, అది కదిలితే ప్రొటీన్ మడత మారుతుంది, మడత మారితే ఆ ప్రొటీన్ రెండో కొసన ఉన్న ఎంజైమ్ ఆగిపోతుంది, లేదా మొదలవుతుంది. కాలవ తూము దగ్గర మర తిప్పేది ఒక చోట, తలుపు లేచేది ఇంకో చోట కదా. అలాంటిదే.

ఉదాహరణ మన మాగాణిలోనే ఉంది. సార్వా కోతలైన చేలో మినుము వేస్తారు, పెసర వేస్తారు. పచ్చిరొట్టకి జీలుగ చల్లుతారు. నెలరోజుల మొక్కని తీయండి. పీకకండి, పీకితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. చుట్టూ గునపంతో గడ్డ పెళ్లగించి, బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, మట్టిని దానంతట దాన్ని జారనివ్వండి. అప్పుడు వేళ్లకి మిరియపు గింజల్లా బుడిపెలు కనిపిస్తాయి. బ్లేడుతో ఒకటి అడ్డంగా కొయ్యండి. లోపల గులాబీ రంగు ఉందా, ఎరుపుందా? అది పనిచేస్తున్న బుడిపె. తెల్లగా ఉంటే ఇంకా లేతదో, పనికిరానిదో. ఆకుపచ్చగా, గోధుమ రంగులోకి తిరిగితే దాని పని అయిపోయింది.

ఆ ఎరుపు ఏమిటి? లెగ్‌హీమోగ్లోబిన్. మొక్కలో రక్తం లాంటిది, మళ్లీ హీమే. ఎందుకు పెట్టుకుంది మొక్క దాన్ని? ఇక్కడొక చిక్కుంది. గాలిలోని నైట్రోజన్ని అమోనియాగా మార్చే ఎంజైమ్ నైట్రోజినేజ్, ఇనుము, మాలిబ్డినం కలిసినది. ఆక్సిజన్ తగిలితే అది పాడైపోతుంది. కానీ ఒక్క నైట్రోజన్ అణువుని విడగొట్టడానికి 16 ఏటీపీలు, అంటే కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువులు, ఖర్చు, ఆ ఏటీపీలు కావాలంటే బాక్టీరియా ఆక్సిజన్ పీల్చుకోవాలి. ఆక్సిజన్ ఉండకూడదు, ఉండాలి కూడా! అందుకని లెగ్‌హీమోగ్లోబిన్ ఆక్సిజన్ని విడిగా తిరగనివ్వకుండా పట్టుకుని, బాక్టీరియాకి చేతికి చెయ్యి అందిస్తుంది. బుడిపెలో విడిగా తిరిగే ఆక్సిజన్ కొన్ని పదుల నానోమోలార్ మాత్రమే. మీ మీటరు పెడితే 0.00 అని చూపిస్తుంది.

మరి బాక్టీరియాకి తాను బుడిపె లోపలికి వచ్చేశానని ఎలా తెలుస్తుంది? బయట మట్టిలో నైట్రోజినేజ్ తయారుచేస్తే దండగ కదా? దానికోసం ఫిక్స్-ఎల్ అనే ప్రొటీన్ ఉంది. అది హీమ్‌తో పనిచేస్తుందని మేరీ ఆల్డా గిల్స్-గొంజాలెజ్, ఆమె సహచరులు 1991లో చూపించారు. ఆక్సిజన్ ఇనుము మీద కూర్చున్నంతసేపూ ఫిక్స్-ఎల్ కదలదు. ఆక్సిజన్ లేచిపోగానే తనకి తాను ఒక ఫాస్ఫేట్ తగిలించుకుని, దాన్ని పక్కనున్న ఫిక్స్-జె చేతిలో పెడుతుంది. ఫిక్స్-జె వెళ్లి డీఎన్ఏ మీద నైట్రోజన్ జీన్ల స్విచ్చి వేయిస్తుంది. అల్ఫాల్ఫా గడ్డి బుడిపెల్లో ఉండే బాక్టీరియా ఫిక్స్-ఎల్‌లో సగం ఇనుము మీద ఆక్సిజన్ కూర్చోవాలంటే సుమారు 50 మైక్రోమోలార్ కావాలి. రైతు లెక్కలో చెప్తాను, రాసుకోండి: లీటరుకి 1 మిల్లీగ్రాము ఆక్సిజన్ అంటే సుమారు 31 మైక్రోమోలార్. కాబట్టి 50 అంటే లీటరుకి 1.6 మిల్లీగ్రాములు. మీ రొయ్య తల్లడిల్లే స్థాయి దగ్గరే దాని గీత ఉంది. మినుము బుడిపెల్లో ఎక్కువగా ఉండేది బ్రాడీరైజోబియం. ఆ జాతిలోనూ ఇదే ఏర్పాటు.

మరి చేలో ఇది ఎక్కడ చెడుతుంది? ఎక్కువ యూరియా వేస్తే మొక్క బుడిపెలు కట్టడమే తగ్గించేస్తుంది. నీళ్లు నిలిస్తే బుడిపెకి ఊపిరి ఆడదు, ఏటీపీ ఉండదు. విత్తనానికి ఈ బుడిపె బాక్టీరియా కల్చర్ పట్టించేటప్పుడు 200 గ్రాముల ప్యాకెట్టుని 8 నుంచి 10 కిలోల విత్తనానికి, చల్లారిన బెల్లం నీళ్లతో పట్టించి నీడన ఆరబెట్టాలి. ఎండలో ఆరబెట్టారా, అయిపోయింది. శిలీంద్రనాశినిని అదే తడిలో కలిపారా, అప్పుడూ అయిపోయింది.

ఇప్పుడు పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎవరూ అడగలేదు, నేనే అడుగుతాను. ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్. మూడూ రెండేసి పరమాణువుల వాయువులే. సైజు దాదాపు ఒకటే. మూడూ ఇనుము ఆరో చేతిని పట్టుకోగలవు. మరి ఎవరొచ్చారో ప్రొటీన్‌కి ఎలా తెలుస్తుంది? మన హీమోగ్లోబిన్ ఇక్కడే మోసపోతుంది. ఆక్సిజన్ మీద కన్నా కార్బన్ మోనాక్సైడ్ మీద దానికి 200 రెట్లకు పైగా మక్కువ. తలుపులేసిన గదిలో జనరేటర్ నడిపితే మనుషులు పోయేది అందుకే. బాక్టీరియా సెన్సర్ అలా మోసపోతే దాని బతుకు గడవదు.

కిటుకు ఇనుములో లేదు, ఇనుము చుట్టూ ఉన్న గదిలో ఉంది. ఆక్సిజన్ ఇనుము మీద కూర్చున్నాక దాని పైకొసకి కాస్త రుణ ఆవేశం వస్తుంది. గదిలో ఒక హైడ్రోజన్ చెయ్యి చాపితే అది ఆనుకుని నిలబడుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి ఆ ఊత పెద్దగా అక్కర్లేదు. కాబట్టి ఆక్సిజన్ని పట్టుకోవాలంటే గదిలో ఒక టైరోసిన్‌నో, హిస్టిడిన్‌నో, ఆర్జినిన్‌నో నిలబెట్టు. ఆక్సిజన్ వద్దనుకుంటే ఆ చెయ్యి తీసేయ్. ఇక నైట్రిక్ ఆక్సైడ్ సంగతి వేరు. అది ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, కింద హిస్టిడిన్ పట్టు ఊడిపోతుంది. పైవాడు లాగితే కిందవాడి చెయ్యి జారినట్టు. కొన్ని ప్రొటీన్లలో ఆ చెయ్యి జారడమే కబురు.

హెచ్-నాక్స్ అనే కుటుంబం సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. పేరు కొత్తగా ఉందేమో కానీ దీని బంధువు మీ అందరి ఒంట్లోనూ ఉంది. ఛాతీలో నొప్పి వస్తే నాలుక కింద సార్బిట్రేట్ పెడతారు కదా? ఆ మాత్ర నుంచి ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. అది రక్తనాళం కండరంలోని గ్వానిలేట్ సైక్లేజ్ అనే ప్రొటీన్‌లో ఇనుముని పట్టుకుంటుంది, కింద హిస్టిడిన్ ఊడుతుంది, నాళం వదులవుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ ఇలా కబుర్లు మోస్తుందని కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్ ఇచ్చారు. ఆ హీమ్ గది ఎంత పాతదో చూడండి, బాక్టీరియా నుంచి మన గుండె దాకా ఒకటే నమూనా.

ఇప్పుడు హేచరీవాళ్లు వినండి. రాత్రి లైట్లు ఆర్పితే ట్యాంకులో నీళ్లు నీలిపచ్చగా మిణుకుమిణుకుమంటాయి, అది చూడగానే గుండె జారుతుంది. అలా వెలిగేవి విబ్రియో హార్వేయి అనే బాక్టీరియా, దాని దగ్గరి చుట్టాలు. ల్యాబుల్లో అందరూ వాడే హార్వేయి రకాన్ని 2010లో పరీక్షించి విబ్రియో క్యాంప్‌బెల్లీ అని పేరు మార్చారు. పేరు ఏదైనా, అది ఒంటరిగా ఉంటే వెలగదు. ప్రతి బాక్టీరియా కొన్ని సంకేత రసాయనాలు నీళ్లలోకి వదులుతుంది. గుంపు పెరిగితే ఆ రసాయనం చిక్కబడుతుంది, అప్పుడు అన్నీ ఒక్కసారి వెలుగుతాయి. ఆ రసాయనాల్లో ఒకదానిలో బోరాన్ ఉందని 2002లో తేలింది. పిల్లలూ, పరీక్షలో బోరాన్ని లోహం అని రాయకండి, లోహం కాదు. మన విషయానికి కావాల్సింది ఏమిటంటే, ఇదే బాక్టీరియాలో హెచ్-నాక్స్ కూడా ఉంది. నైట్రిక్ ఆక్సైడ్ తగిలితే ఆ కబురు కూడా, గుంపు కబుర్లు వెళ్లే ఫాస్ఫేట్ దారిలోనే కలుస్తుందని 2012లో చూపించారు. చూశారా? ఎంతమంది ఉన్నాం అన్న కబురూ, చుట్టూ నీళ్లలో ఏముంది అన్న కబురూ ఒకే దారిలో కలుస్తున్నాయి. నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కడి నుంచి వస్తుంది? నైట్రేట్ని పీల్చే బాక్టీరియా నుంచి వస్తుంది, రొయ్య రక్తకణాలు కూడా తయారుచేస్తాయి. ఇంకో మాట. వెలిగే విబ్రియో అంతా జబ్బుది కాదు, జబ్బు తెచ్చే విబ్రియో అంతా వెలగదు. వెలుగు చూసి మందు పొయ్యకండి.

ఇక రెండో రకం ముక్కు. ఇందులో చక్రం ఉండదు. నాలుగు ఇనుము, నాలుగు గంధకం, ఒక చిన్న పెట్టెలా పేర్చి ఉంటాయి. ఎఫ్ఎన్ఆర్ అంటారు ఈ ప్రొటీన్ని, మన పేగుల్లో ఉండే ఈ-కోలైలో బాగా చదివారు, విబ్రియోల్లోనూ ఉంది. పెట్టె నిండుగా ఉంటే రెండు ఎఫ్ఎన్ఆర్‌లు జతకట్టి డీఎన్ఏని పట్టుకుంటాయి, ఆక్సిజన్ లేని బతుక్కి కావాల్సిన నూరుకి పైగా జీన్లని నడిపిస్తాయి. ఆక్సిజన్ వచ్చిందా, పెట్టె విరిగి రెండు ఇనుము, రెండు గంధకం మిగులుతాయి. జత విడిపోతుంది, డీఎన్ఏ చేజారుతుంది. హీమ్ సెన్సర్ తలుపు లాంటిది, తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఇది అలా కాదు, మట్టిముంత. పగలడమే కబురు. మళ్లీ కావాలంటే కణం ఇనుము, గంధకం పెట్టి కొత్తది కట్టుకోవాలి.

దీన్ని మీ చెరువు అడుగున పెట్టి చూడండి. పైన డీవో 5 ఉండొచ్చు. బురదలో కొద్ది మిల్లీమీటర్లు లోపలికి దిగితే సున్నా. మేత, రెట్ట పేరుకున్న చోట ఆ పొర ఇంకా పల్చన. అక్కడ ఎఫ్ఎన్ఆర్ పెట్టెలన్నీ నిండుగా ఉంటాయి. నైట్రేట్ పీల్చే ఎంజైములు తయారవుతాయి. నైట్రేట్ నుంచి నైట్రైట్, అక్కడి నుంచి నైట్రిక్ ఆక్సైడ్, నైట్రస్ ఆక్సైడ్, చివరికి నైట్రోజన్. మొదటి మెట్టు ఎంజైములో మాలిబ్డినం, చివరి మెట్టులో రాగి. ప్రతి మెట్టులోనూ ఏదో ఒక లోహం! మధ్యలో ఆగిపోతే నైట్రైట్ మిగులుతుంది, మీ కిట్‌లో గులాబీ రంగు వస్తుంది. నైట్రేట్ కూడా అయిపోతే ఉప్పునీటిలో బోలెడు సల్ఫేట్ ఉంది, దాన్ని పీల్చేవి లేస్తాయి, నల్ల బురద, కుళ్లిన గుడ్డు వాసన. ఏరియేటరు పైన నీళ్లని తిప్పుతోంది సరే, అడుగున ఏ మూల మేత రెట్ట కుప్పపడుతోందో కర్ర పెట్టి చూశారా? ఆ మూలే మీ చెరువుకి అసలు సంగతి చెప్తుంది.

ప్రోబయాటిక్, అంటే చెరువుకి మేలు చేస్తుందని వేసే బాక్టీరియా, గురించి చెప్పాలి. మీరు వేసే పొడిలో ఎక్కువగా బాసిల్లస్ సబ్టిలిస్ గింజలుంటాయి, అంటే స్పోర్లు. స్పోరు నిద్రలో ఉంటుంది, దానికి ఏ వాసనా తెలియదు. మొలకెత్తిన తరవాతే దానికి ముక్కు వస్తుంది. ఆ ముక్కు పేరు హీమ్-ఏటీ, 2000లో మక్సూదుల్ ఆలం బృందం బయటపెట్టింది. మన కండరాల్లోని మయోగ్లోబిన్‌కి చుట్టం. ఇనుము మీద ఆక్సిజన్ పడితే ఆ కబురు తోకల మోటారుకి వెళ్తుంది, బాక్టీరియా ఆక్సిజన్ ఉన్నవైపు ఈదుతుంది. అందుకే డ్రమ్ములో బెల్లం నీళ్లు కలిపి ఊరబెట్టినప్పుడు గాలిరాయి తప్పనిసరి. గాలి లేకపోతే బాసిల్లస్ కుంటుతుంది, పులియబెట్టేవి పైకొస్తాయి, పుల్లటి వాసన, పీహెచ్ పడిపోతుంది. మీరు చెరువులో పోసేది అప్పుడు బాసిల్లస్ కాదు. ఊరిన డ్రమ్ముని రాత్రి పూట పొయ్యకండి కూడా, అది కూడా ఆక్సిజన్ తాగుతుంది. ఎండెక్కాక, డీవో పైకి వెళ్తున్నప్పుడు పొయ్యండి.

పిల్లలకి ల్యాబ్ సంగతులు నాలుగు చెప్తాను. ఈ ప్రొటీన్లని ఈ-కోలైలో తయారుచేయించేటప్పుడు జరిగే మొదటి తప్పు: ప్రొటీన్ బోలెడు వస్తుంది, కానీ రంగు ఉండదు. కణం ప్రొటీన్ని కట్టినంత వేగంగా హీమ్‌ని కట్టలేదు. కల్చర్లో అమైనోలెవులినిక్ ఆమ్లం వెయ్యాలి, హీమ్‌కి అదే ముడిసరుకు. రెండో తప్పు గాలిలో పనిచేయడం. ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్ అయిపోతే వాయువు పట్టదు, మీరేమో సెన్సర్ పనిచెయ్యలేదని రాసేస్తారు. ఎఫ్ఎన్ఆర్‌ని మొదట్లో గాలిలోనే శుద్ధిచేసేవారు, పెట్టె విరిగి ఇనుము దాదాపు లేకుండా వచ్చేది. ఆక్సిజన్ చొరబడని గ్లోవ్ బాక్సులో చేస్తే గోధుమరంగులో వస్తుంది, ఆ రంగే మీ సాక్ష్యం. మూడోది, ఇనుముని ఫెర్రస్‌గా మార్చడానికి డైథయోనైట్ వేస్తారు, మంచిదే, కానీ దాన్ని శుద్ధిచేసే కాలమ్‌లో పూర్తిగా కడిగెయ్యకుండా నైట్రిక్ ఆక్సైడ్ కలిపితే ఆ వాయువుని డైథయోనైటే తినేస్తుంది. నాలుగోది, నైట్రిక్ ఆక్సైడ్‌కి గాలి తగిలితే ఆమ్లంగా మారుతుంది. అందుకని దాన్ని నెమ్మదిగా వదిలే నోనోయేట్ ఉప్పు వాడండి, 10 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి ఐసు మీద పెట్టుకోండి. క్షారంలో నిద్రపోతుంది, పీహెచ్ 7.4 బఫర్లో పడగానే విడుదల మొదలు. స్పెక్ట్రోఫొటోమీటర్‌లో, వాయువు పట్టకముందు, హెచ్-నాక్స్ కాంతిని ఎక్కువగా పీల్చే శిఖరం 431 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. నైట్రిక్ ఆక్సైడ్ పట్టి హిస్టిడిన్ ఊడితే 399 దగ్గరికి జరుగుతుంది. ఊడకుండా పట్టుకుంటే 420 దగ్గర ఆగుతుంది. ఆ జరుగుదల కళ్లారా చూడండి, ఇందాక చెప్పిన చెయ్యి జారడం అదే.

ఇవి చెరువుకీ చేనుకీ పరిమితం కాదు. క్షయ బాక్టీరియా మన ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి నిద్రపోతుంది కదా, ఆ నిద్రకి కబురిచ్చేవి కూడా డెవ్-ఎస్, డాస్-టి అనే రెండు హీమ్ సెన్సర్లే. ఆక్సిజన్ తగ్గినా, మన కణాలు నైట్రిక్ ఆక్సైడ్ విసిరినా అవి సుమారు 48 జీన్లని లేపుతాయి. ఈ డెవ్ వ్యవస్థని ముందుగా బయటపెట్టింది ఢిల్లీ ఎయిమ్స్‌లో జయా శివస్వామి త్యాగి గారి బృందం. మన దేశంలో జరిగిన పని, పిల్లలు తప్పక చదవాలి.

చెయ్యెత్తారు, చెప్పండి బాబాయ్. నాచుకి కాపర్ సల్ఫేట్ కొడతాం, దానికి బాక్టీరియా ఊరుకుంటుందా అంటున్నారు. ఊరుకోదండి. రాగికి దానికి వేరే ముక్కు ఉంది, క్యూ-ఆర్ అని. రెండు సిస్టీన్ల గంధకాల మధ్య ఒక్క రాగి అయాన్ పడితే చాలు, రాగిని బయటికి తోసే పంపు జీన్ లేస్తుంది. అది ఎంత సున్నితం అని 2003లో కొలిచారు. కణంలో విడిగా తిరిగే రాగి ఒక్కటి కూడా మిగలకూడదన్నంత సున్నితం. ఎందుకంత భయం? రాగి వెళ్లి ఇందాక చెప్పిన ఇనుము-గంధకం పెట్టెల్ని పగలగొడుతుంది, ఇనుముని తోసేసి తాను కూర్చుంటుంది. కాబట్టి రాగి కొట్టినప్పుడు దాన్ని తట్టుకునే పంపులున్నవి మిగులుతాయి, లేనివి పోతాయి.

కొట్టక తప్పకపోతే లెక్క ఇది. నీళ్ల మొత్తం ఆల్కలినిటీని, అంటే లీటరుకి మిల్లీగ్రాముల్లో కొలిచే క్షారతని, 100తో భాగించండి, వచ్చినదే లీటరుకి మిల్లీగ్రాముల్లో కాపర్ సల్ఫేట్ మోతాదు. ఆల్కలినిటీ 120 ఉంటే 1.2. 50 కన్నా తక్కువుంటే అసలు ముట్టుకోకండి. మబ్బు రోజు వద్దు. చెరువంతా ఒకేసారి వద్దు. చచ్చిన నాచు కుళ్లేటప్పుడు ఆక్సిజన్ని లాగేస్తుంది, కొట్టిన రోజు కన్నా ఆ తరవాతి రెండు రాత్రులే ప్రమాదం. ఏరియేటర్లన్నీ నడపండి, పన్నెండింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి మీటరు వెయ్యండి. ప్రోబుని పైన తేల్చి వదిలెయ్యకుండా, అడుగుకి జానెడు పైదాకా దింపి, అంకె కుదురుకునేదాకా ఆగండి.